ఎవరి చేతి కొలత?

కంప్యూటర్ మౌస్ కొనేముందు చెయ్యి కొలుచుకోవాలన్న సంగతి నాకు ముప్ఫై ఆరో ఏట తెలిసింది. అలాగని అప్పటిదాకా నా చేతిని ఎవరూ కొలవలేదని కాదు. గాజుల కొట్టాయన వేళ్లన్నీ దగ్గరికి నొక్కి చూసి "రెండు నాలుగు" అని చెప్పేసేవాడు. అమ్మకి రెండు ఆరు. చెల్లికి రెండు రెండు. ఉంగరం కొలతయితే నిశ్చితార్థానికి ముందు అవతలివాళ్లు దారం చుట్టి మరీ పట్టుకెళ్లారు. ఆడపిల్ల చేతిని మన దగ్గర చిన్నప్పటినుంచీ కొలుస్తూనే ఉంటారు. ఆ కొలతలన్నీ చేతికి ఏం తొడగాలో తెలుసుకోడానికి. ఆ చెయ్యి రోజంతా దేన్ని పట్టుకుంటుంది, ఎంతసేపు పట్టుకుంటుంది, అలా పట్టుకుంటే లోపల ఏది ఒరుసుకుంటుంది అనే లెక్క కోసం ఎవరూ దారం తియ్యలేదు.

నా పని పాత స్త్రీల పత్రికలతో. 1902లో మొదలైన 'హిందూ సుందరి', 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసు నుంచి తెచ్చిన 'గృహలక్ష్మి' వంటివి. వీటిలో చాలా సంచికలు ఇప్పుడు స్కాన్ చేసిన బొమ్మలుగా దొరుకుతున్నాయి. గ్రంథాలయాల చుట్టూ తిరగడం, దుమ్ము పీల్చడం, బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడం తప్పాయని మా తరం పరిశోధకులందరం సంతోషపడ్డాం. అయితే ఈ బొమ్మల్లో మాట వెతకడం కుదరదు. ఒక రచయిత్రి పేరు కోసం ఏడాది సంచికలు మొత్తం ఒక్కొక్క పేజీ తిప్పుకుంటూ పోవాలి. అక్షరం మసగ్గా ఉంటే పెద్దది చెయ్యాలి, పేజీని పట్టుకుని పక్కకి లాగాలి, చదివాక మళ్లీ చిన్నది చెయ్యాలి. కాగితం పత్రికలో ఈ పనంతా కళ్లే చేసేవి. ఇప్పుడు చూపుడువేలూ బొటనవేలూ మణికట్టూ కలిసి చేస్తున్నాయి. రోజుకి రెండు మూడు వందల పేజీలు. దానిమీద నోట్సు, వ్యాసాలు, విద్యార్థుల పేపర్లు.

మొదట నొప్పి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన వచ్చింది. తాళంచెవి తిప్పితే నొప్పి, సీసా మూత తీస్తే నొప్పి. మనవాళ్లు బాగా రాసేవాళ్లని 'చెయ్యి తిరిగిన రచయిత' అంటారు. నా చెయ్యి ఇక తిరగనంటోంది.

ఎముకల డాక్టరు ఒకే ప్రశ్న అడిగాడు, కంప్యూటర్ మీద రోజుకెన్ని గంటలని. ఏడెనిమిది అన్నాను. రాసుకున్నాడు. ఫిజియోథెరపీకి పంపించాడు. అక్కడున్నామె నాకంటే చిన్నది. బొటనవేలిని పిడికిట్లో ముడుచుకోమని, మణికట్టుని చిటికెనవేలి వైపు మెల్లిగా వంచింది. నేను కేక పెట్టాను. "ఇది డి కెర్వాన్" అంది. ఆ తర్వాత అడిగిన ప్రశ్న, "ఇంట్లో చపాతీలు ఎవరు చేస్తారండీ?"

మా మామగారికి షుగరు. రాత్రిపూట చపాతీ. ఆయనకొక్కడికి చేస్తే బాగుండదని అందరికీ. రోజుకి పన్నెండు, పద్నాలుగు. డాక్టరు రాసుకున్న ఏడెనిమిది గంటల్లో అవి లేవు. ఆమె ఇంకా అడుగుతూ పోయింది. తడిబట్ట పిండుతారా, కొబ్బరి కోరుతారా, కుక్కర్ మూత ఏ చేత్తో తీస్తారు, నిండు మూకుడుని ఒంటిచేత్తో దించుతారా, చంటిపిల్లలున్నారా. ఎవరూ నా చేతిని అంత వివరంగా అడగలేదు. బొటనవేలిని పైకి లేపే, పక్కకి జరిపే రెండు స్నాయువులు మణికట్టు దగ్గర ఒక ఇరుకైన తొడుగులోంచి వెళ్తాయట. బొటనవేలితో గట్టిగా పట్టుకుని మణికట్టుని తిప్పే పని ఏదయినా సరే అక్కడ ఒరుసుకుంటుంది. మౌస్‌ని బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య బిగించి పక్కకి లాగడం అలాంటిదే, తడి తువ్వాలు పిండడమూ అలాంటిదే. ఆ తొడుగుకి ఇది ఆఫీసు పని, ఇది ఇంటి పని అన్న తేడా తెలియదు.

చాలామంది అనుకునే కార్పల్ టన్నెల్ వేరు. అక్కడ నలిగేది మధ్యనాడి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి, రాత్రిళ్లు ఎక్కువగా. చిటికెనవేలికి మాత్రం ఏమీ కాదు. అది మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో బాగా ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు, థైరాయిడ్ తగ్గినప్పుడు, నెలసరి ఆగిపోయే వయసులో వస్తుంది. ఈ రెంటికీ తేడా తెలియకుండా మౌస్ కొనడానికి వెళ్లకూడదని నేను ఇప్పుడు అందరికీ చెప్తున్నాను. ఒకదానికి మంచిదయిన మౌస్ రెండోదానికి శత్రువు కావచ్చు.

స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1895లో ఈ నొప్పి గురించి రాశాడు కాబట్టి దానికి ఆయన పేరొచ్చింది. అంతకుముందే ఇంగ్లీషు వైద్యగ్రంథాల్లో దానికొక పేరుంది: చాకలి స్త్రీ బెణుకు. బట్టలు పిండీ పిండీ ఏ చేతికి నొప్పి వచ్చిందో ఆ చేతి పేరు పోయి, చూసి రాసిన డాక్టరు పేరు నిలిచింది. సాహిత్య చరిత్రలో ఇలాంటివి ఎన్నో చూశాను గనక ఆశ్చర్యమేమీ కలగలేదు. కానీ ఆ పాత పేరు విన్నాక అమ్మకి ఫోన్ చెయ్యకుండా ఉండలేకపోయాను.

"ఆ ఎలుకని పట్టుకుంటేనే చెయ్యి నొప్పా? మేం రోట్లో పిండి రుబ్బలేదుటే!" అంది అమ్మ మామూలుగానే. నాకొక చిత్రం గుర్తుంది. అమ్మ కుడి మణికట్టుకి పాత చీర అంచు చింపి చుట్టుకునేది. చాన్నాళ్లు. అది ఎందుకని అడిగాను. "అదా, తమ్ముడు పుట్టినప్పటిది. వాణ్ణెత్తుకుంటే ఇక్కడ ప్రాణం లాగేసేది. బట్టలు పిండలేకపోయేదాన్ని. అమృతాంజనం రాసి గట్టిగా చుట్టేదాన్ని." బాలింతల్లో ఈ నొప్పి సాధారణమని, బిడ్డ తల కింద చెయ్యి పెట్టి బొటనవేలు చాచి ఎత్తుకోవడం వల్ల కూడా వస్తుందని ఫిజియో చెప్పింది కదా, అదే అమ్మకి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "దానికి పేరు కూడా ఉందన్నమాట" అంది.

ఇక మౌస్ సంగతి. ఎర్గొనామిక్ అనే మాట పెట్టె మీద అచ్చు వేసుకోడానికి మన దగ్గర ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాస్త వంకర తిప్పి, కింద రబ్బరు అతికిస్తే చాలు. ఆ మాట మూలం గ్రీకు: ఎర్గాన్ అంటే పని, నోమోస్ అంటే నియమం. 1857లో యాస్ట్‌షెంబోవ్‌స్కి అనే పోలండ్ శాస్త్రవేత్త దాన్ని వాడాడు. పని చేసే శరీరానికి పనిని అమర్చడమే ఆ శాస్త్రం. ఏ శరీరానికి, ఏ పనిని అన్నదే మనం అడగాల్సింది.

1964 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించి, బిల్ ఇంగ్లీష్ తయారుచేసిన మొదటి మౌస్ ఒక చెక్క దిమ్మ. కింద రెండు చక్రాలు, పైన ఒక మీట. 1968 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని పదిమంది ముందూ చూపించారు. ఆ బృందం అంతకుముందే రకరకాల పరికరాల్ని పక్కపక్కన పెట్టి పరీక్షలు చేసింది. వాటిలో బల్ల కింద మోకాలితో నడిపేది కూడా ఒకటి! కుట్టుమిషను తొక్కే ఆడవాళ్లని ఎవర్నయినా అడిగి ఉంటే ఆ మోకాలి పరికరాన్ని అంత తేలిగ్గా వదిలేవారు కాదేమో అని నాకొక చిలిపి ఊహ. ఆ పరీక్షల్లో చూసింది ముఖ్యంగా తెర మీద అక్షరాన్ని ఎంత త్వరగా, ఎన్ని తప్పుల్లేకుండా పట్టుకోవచ్చని. ఎనిమిది గంటల తర్వాత ఆ చెయ్యి ఎలా ఉంటుందన్న ప్రశ్నకి అప్పటికింకా అవసరం రాలేదు. అరవై ఏళ్లుగా చెయ్యి బల్లకేసి బోర్లా పరుచుకునే ఉంది.

చెయ్యి బోర్లా పెట్టడం ముంజేతికి సహజమైన భంగిమ కాదు. చేతులు రెండూ వేళ్లాడేసి నిలబడితే బొటనవేళ్లు ముందుకి, అరచేతులు ఒంటివైపుకి ఉంటాయి. కరచాలనం చేసేటప్పుడు ఎలా ఉంటుందో అలా. నిలువు మౌస్ అన్నది ఈ భంగిమని కాపాడే ప్రయత్నం. లాజిటెక్ వాళ్లు 2018లో తెచ్చిన నిలువు మౌస్ 57 డిగ్రీలు వాలి ఉంటుంది. చిన్న, మధ్యరకం చేతులకోసమని అదే వాలుతో మరొకటి 2022లో తెచ్చారు, దానికి ఎడమచేతి రకం కూడా ఉంది. అంటే ముందొచ్చింది పెద్ద చేతిది, దానికి పేరు మాత్రం పెద్ద చేతి మౌస్ అని లేదు. నాలుగేళ్లకి వచ్చినదానికే 'చిన్న' అన్న విశేషణం కావాల్సొచ్చింది. రచయిత, రచయిత్రి అన్నట్టుగా.

నేను స్కేలు పెట్టి కొలుచుకున్నాను. మధ్యవేలి కొస నుంచి మణికట్టు దగ్గరి మొదటి గీత వరకు 16.4 సెంటీమీటర్లు. బొటనవేలు వదిలేసి నాలుగు వేళ్ల కణుపుల మీదుగా వెడల్పు 7.3. కంపెనీలు 17.5 లోపుని చిన్న చెయ్యి అంటున్నాయి. నేను చిన్న చెయ్యినా? నాకు తెలిసిన ఆడవాళ్లలో నాది మరీ చిన్నదేం కాదు. మన దేశంలో ఇలాంటి కొలతలు లేకపోలేదు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లో దేబ్‌కుమార్ చక్రబర్తి సేకరించిన భారతీయ శరీర కొలతల పుస్తకం వేసింది, ఆడవాళ్లవీ మగవాళ్లవీ విడివిడిగా. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ పొలం పనిచేసే ఆడవాళ్ల కొలతలు తీసి, దాన్ని బట్టి పనిముట్లు రూపొందిస్తోంది. కొడవలి పిడికి కూడా చేతి కొలత కావాలి మరి. సగటున మగవాళ్ల చెయ్యి ఆడవాళ్ల చేతికంటే సెంటీమీటరుకి పైనే పొడవు. ఆ సెంటీమీటరు మౌస్ మీద ఏం చేస్తుందంటే, వేలు మీటని అందుకోడానికి ముందుకి సాగుతుంది, అరచెయ్యి వెనక ఖాళీగా వేలాడుతుంది, వేలాడకుండా ఉండాలని బొటనవేలు పక్కనుంచి గట్టిగా అదిమిపడుతుంది. నా నొప్పి ఉన్న చోటు సరిగ్గా అదే.

సికిందరాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారుకి వెళ్లి, ఒక కొట్లో చిన్న చేతికి మౌస్ కావాలని అడిగాను. కుర్రాడు ఉత్సాహంగా గులాబీరంగుది తీశాడు. "లేడీస్‌కి ఇదే మేడం, క్యూట్‌గా ఉంటుంది." అది ప్రయాణాల్లో సంచిలో పడేసుకునే బుల్లి మౌస్. చిన్న చెయ్యి అనగానే చిన్న మౌస్ అనుకోవడం తప్పు. బుల్లి మౌస్ మీద అరచెయ్యి ఆనదు. వేళ్లు కాకి గోళ్లలా ముడుచుకోవాల్సొస్తుంది. నాక్కావలసింది అరచెయ్యి మొత్తం ఆనేటంత పెద్దదీ, వేలు సాగకుండా మీట అందేటంత పొట్టిదీ. "బొటనవేలి పక్కన బోల్తా పడని మౌస్ ఉందా?" అంటే ఆ కుర్రాడు నన్ను విచిత్రంగా చూశాడు. పాపం అతని తప్పేం లేదు. అడిగేవాళ్లు వేగం అడుగుతారు, రంగు అడుగుతారు, గేములాడే పిల్లలు వెలిగే లైట్లు అడుగుతారు.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే స్నేహితురాలు ట్రాక్‌బాల్ తీసుకోమంది. దాంట్లో మౌస్ కదలదు, దాని పక్కనున్న బంతిని బొటనవేలితో దొర్లించాలి. భుజం నొప్పి ఉన్న ఆమెకి అది వరం. చెయ్యి ఒక్కచోటే ఉంటుంది, బల్ల మీద జాగా అక్కర్లేదు. నాకు మాత్రం నొప్పి ఉన్నదే బొటనవేలికి! పదిమంది మెచ్చిన వస్తువు కదా అని తీసుకుని ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు. బంతి మధ్యలో ఉండి మిగతా వేళ్లతో తిప్పే రకం కూడా ఉంది, అది నాకు పనికొచ్చేదే, కానీ కొట్లో పట్టుకుని చూద్దామంటే దొరకలేదు. పట్టుకుని చూడకుండా చెప్పు కొంటామా?

నిలువు మౌస్‌నీ దేవుడి ప్రసాదంలా చూడనక్కర్లేదు. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో కార్పల్ టన్నెల్ ఉన్నవాళ్ల మణికట్టు లోపలి ఒత్తిడిని కొలిచి చూశారు. నిలువు మౌస్ వల్ల మణికట్టు భంగిమ మారింది గానీ లోపలి ఒత్తిడి మాత్రం తగ్గలేదు. మెత్తటి దిండున్న మౌస్‌ప్యాడ్ల సంగతీ అంతే. నాకిది నిరుత్సాహంగా అనిపించలేదు. వస్తువు చెయ్యగలిగింది ఎంతో, చెయ్యలేనిది ఎంతో తెలిస్తే మిగతాది ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

మిగతాది చాలామటుకు డబ్బు ఖర్చులేని చోట దొరికింది. నేను పనిచేసేది భోజనాల బల్ల మీద. వాటి ఎత్తు దాదాపు 75 సెంటీమీటర్లు. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. ఆ బల్ల మీద మౌస్ పట్టుకుంటే నా భుజం చెవిదాకా లేస్తోంది. కుర్చీలో రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచితే కాళ్లు నేలకి అందవు. కాళ్ల కింద వంటింటి పీట వేశాను. మోచెయ్యి బల్లకి సమానంగా వచ్చింది. కీబోర్డు కుడివైపున అంకెల గడి ఉంటే మౌస్ దాని అవతలికి పోతుంది, చెయ్యి పక్కకి చాచాలి. నేను అంకెలు కొట్టేది పేజీ నంబర్లకే. ఆ గడి లేని కీబోర్డు పెట్టాక మౌస్ ఒక జానెడు దగ్గరికొచ్చింది. బాణం వేగం పెంచితే చెయ్యి తక్కువ కదుల్తుంది, మరీ పెంచితే చిన్న అక్షరం మీద నిలబెట్టడానికి వేళ్లు బిగుసుకుంటాయి. మధ్యలో ఎక్కడో ఆపాలి. పేజీలు తిప్పడానికి కీబోర్డు మీది మీట వాడితే చక్రం తిప్పే పని సగానికి సగం పోయింది.

చివరికి తీసుకున్నవి రెండు. కుడిచేతికి చిన్న సైజు నిలువు మౌస్, మూడు వేలు. ఎడమచేతికి ఏ వంకరా లేని, రెండు పక్కలా ఒకేలా ఉండే మామూలు తీగ మౌస్, నాలుగు వందల యాభై. పొద్దున కుడి, మధ్యాహ్నం ఎడమ. వంకర తిప్పి చేసినవి చాలామటుకు కుడిచేతికే ఉంటాయి గనక ఎడమకి బోడి మౌసే మేలు. పైగా అంకెల గడి కీబోర్డుకి ఎడమవైపు ఉండదు, చెయ్యి చాచక్కర్లేదు. కుడిచెయ్యి కలం పట్టుకుని నోట్సు రాసుకోవచ్చు. మూడు వారాలు పట్టింది అలవాటవడానికి. బాణం తాగినవాడిలా తిరిగేది.

ఎడమచెయ్యి మన ఇళ్లలో చిన్న విషయం కాదు. ఎడమచేత్తో డబ్బివ్వకు, ఎడమచేత్తో వడ్డించకు, ఎడమచేత్తో తీసుకోకు. ఎడమచేతి వాటం ఉన్న పిల్లల చేతిమీద కొట్టి కుడిచేత్తో పలక పట్టించిన కాలం మరీ పాతది కాదు. తేలికైన పనిని మాత్రం 'ఎడమచేత్తో చేసేస్తుంది' అంటాం, అది పొగడ్త. మా అత్తగారు మొదటిరోజు చూసి "ఎడమచేత్తో చదువుకుంటున్నావేమిటి, సరస్వతి కదా" అన్నారు. పుస్తకాన్ని తాకేది కుడిచేత్తోనే కదండీ అన్నాను. ఆవిడ ఆలోచించి, ఎలుక వినాయకుడి వాహనమేగానీ సరస్వతిది కాదులే అని తేల్చారు. చపాతీలు కూడా ఆ నెల నుంచి మా ఆయన ఒత్తుతున్నారు. భూగోళం మీది దేశాలన్నీ వస్తాయి ఆ ఆకారాల్లో. దానికి ఒప్పించడం మౌస్ ఎంపిక కంటే చాలా ఎక్కువ కాలం పట్టింది, ఆ కథ మరోసారి.

ఈ నొప్పుల్ని నమ్మించడం ఇంకా పెద్ద కథ. 1713లోనే ఇటలీ వైద్యుడు రమజ్జీని తన వృత్తి వ్యాధుల గ్రంథంలో లేఖకుల చేతి నొప్పుల గురించి రాశాడు. కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఆగకుండా ఒకేలా కదలడం, తప్పు రాకూడదన్న మనసు ఒత్తిడి కారణాలన్నాడు. అతని లేఖకులు మగవాళ్లు, ఎవరూ అనుమానించలేదు. 1980ల మధ్యలో ఆస్ట్రేలియాలో కీబోర్డు పనిచేసే వేలమందికి, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, చేతులు పనిచెయ్యకుండా పోయాయి. పత్రికలవాళ్లు దానికి కంగారూ పంజా అని ఎగతాళి పేరు పెట్టారు. కొందరు మానసిక వైద్యులు ఇదంతా హిస్టీరియా అన్నారు. హిస్టీరియా అన్న మాటకి మూలం గ్రీకులో గర్భాశయం అనే అర్థమున్న మాట అని నేను తరగతిలో చెప్తూనే ఉంటాను. చెయ్యి నొప్పికి కూడా వాళ్లకి గర్భసంచే దొరికింది! అమెరికాలో పనిచోట ఇలాంటి గాయాల్ని నివారించడానికి 2000 నవంబరులో నియమాలు తెచ్చారు. నాలుగు నెలలకే, 2001 మార్చిలో, యజమానులకి ఖర్చని వాటిని రద్దు చేశారు.

మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ నా మణికట్టుకున్న పట్టీ చూసి "చెయ్యి ఇరిగిందా అమ్మా?" అని అడిగింది. నొప్పి ఎక్కడో చూపించాను. ఆమె తన బొటనవేలి మొదట్లో సరిగ్గా అక్కడే నొక్కుకుని "ఇది మాకు మామూలేగా" అంది. నాలుగిళ్లు చేస్తుంది. నా పట్టీని ఆమెకి పెట్టి చూశాను, బానే పట్టింది. కానీ తడి పనికి పట్టీ పనికిరాదు, అరగంటలో నానిపోతుంది. ఆమె పట్టుకునే పీచుకీ మూకుడుకీ ఎర్గొనామిక్ రకాలు ఏ బజారులోనూ చూడలేదు. చెయ్యగలిగిందల్లా పెద్ద దుప్పట్లు పిండేది మిషనుకి వెయ్యడం, అడుగంటిన గిన్నెల్ని రాత్రే నానబెట్టడం. వీటివల్ల ఆమెకి మిగతా మూడిళ్లలో ఏం మారదు.

నా పుస్తకాన్ని టైపు చేస్తున్న అమ్మాయి పనిచేసేది నగరంలో ఒక డి.టి.పి. సెంటర్‌లో. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు. పేజీకి ఆమె చేతికొచ్చేది పన్నెండు రూపాయలు. మన పత్రికలూ పుస్తకాలూ ఎన్నో ఇలాంటి అమ్మాయిల చేతులమీదుగానే వస్తాయి. అచ్చుతప్పులు ఉంటే మాత్రం వాళ్లని తలుచుకుంటాం. తెలుగు టైపు ఇంగ్లీషంత తేలిక కాదు. గుణింతానికో మీట, ఒత్తుకో మీట, ఆ రెండూ కలిసినచోట ఇంకోటి. పేజీ కట్టేటప్పుడంతా మౌస్‌తో లాగుడు. ఆమె దగ్గరున్న మౌస్ చక్రం మీది రబ్బరు అరిగి ఊడిపోయింది, ఎడమ మీట గట్టిగా నొక్కితేగానీ పలకదు. ప్రూఫులు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆమె కుడిచేతికి క్రేప్ బ్యాండేజి చూశాను. "మౌస్ పోతే కొత్తది తెస్తారు మేడం, కాస్త లేటుగా. చెయ్యి పోతే కొత్త అమ్మాయిని తెస్తారు" అంది, నవ్వుతూనే.

నా నిలువు మౌస్ సంచిలో ఉంటే తీసి ఇచ్చాను. పట్టుకుని చూసి "భలే ఉంది మేడం, ఎంత?" అని అడిగింది. చెప్పాను. మనసులో లెక్క వేసుకుంటోందని తెలుస్తూనే ఉంది. రెండు వందల యాభై పేజీలు. నా పుస్తకం మొత్తం అంత లేదు. నేను కొనిస్తానన్నాను. వద్దంది. ఇది ఇక్కడ పెడితే రెండ్రోజుల్లో ఎవరో ఒకరు పట్టుకుపోతారు, పైగా రాత్రి షిఫ్టు అబ్బాయికి నచ్చదు, గొడవ. ఆమె చెప్పింది నిజమే. ఆ కంప్యూటర్ ఆమెది కాదు. కుర్చీ ఆమెది కాదు. వస్తువుని ఎంచుకునే హక్కు లేనిచోట ఏ మౌస్ మంచిదని సలహా ఇవ్వడానికి నోరు రాలేదు.

అప్పుడు ఎడమచేతి సంగతి చెప్పాను. ఉన్న మౌస్‌నే ఎడమవైపు పెట్టుకోవచ్చు, తీగ పొడవు సరిపోతుంది, డబ్బు అక్కర్లేదు. మీటలు మార్చుకోనక్కర్లేదు కూడా, మామూలు నొక్కుడుకి చూపుడువేలు బదులు మధ్యవేలు వాడితే సరి. అయిదు నిమిషాలు ప్రయత్నించి పకపకా నవ్వింది. పదిహేను రోజుల తర్వాత మళ్లీ వెళ్లేసరికి మౌస్ ఎడమవైపే ఉంది. పేజీలు లెక్కన డబ్బులు కాబట్టి మొదటి వారం నష్టపోయానని చెప్పింది, రోజుకి మూడు నాలుగు పేజీలు తగ్గాయట. ఇప్పుడు సగం రోజు ఎడమచేత్తో లాగుతోంది. రాత్రి షిఫ్టు అబ్బాయి వచ్చి కుడివైపుకి మార్చుకుంటాడు, పొద్దున్నే ఈమె మళ్లీ ఇటు జరుపుకుంటుంది. పేజీ మార్జిన్లు చూసుకునే స్కేలుతో తన చెయ్యి కొలుచుకుందట, 15.8. అక్కడ పనిచేసే మరో ఇద్దరమ్మాయిలవి కూడా కొలిచింది. నా ప్రూఫు కాగితం వెనకవైపు పెన్సిల్‌తో రాసుంది: 16.1, 15.6.